‘డినౌన్స్’ కనిపిస్తే చాలు ‘ఖండించారు’ అని రాసేయడమేనా?

ఎడిషన్_డెస్క్
వార్తాసంస్థ పంపిన ఇంగ్లిష్ కాపీలో వాక్యం: "యూనియన్ లీడర్స్ డినౌన్స్‌డ్ ద రిపోర్ట్". తెలుగులో అచ్చయ్యేది: "నివేదికను ఖండించిన యూనియన్ నేతలు". చదివినవాళ్లకి ఏమర్థమవుతుంది? నివేదికలో ఉన్నది నిజం కాదని నేతలు అన్నారని. వాళ్లు అన్నది అది కాదు. కార్మికుల పొట్టకొట్టే సిఫార్సులు, సిగ్గుచేటు అన్నారు. లెక్కలు తప్పని ఎక్కడా అనలేదు. హైదరాబాద్‌లో ఏ పత్రిక డెస్కు చూసినా ఇదే అలవాటు. దీనికి సరైన మాట ఏంటి? ఒక్క మాటతో కుదరదంటే ఎక్కడ ఏది వాడాలో తేల్చండి.

చిక్కడపల్లి_చదువరి
నిఘంటువుల్లో ఖండించు, నిందించు అనే ఉంటుంది. పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ సమానార్థకం కండెమ్, వ్యతిరేకం ప్రెయిజ్. ఇంక తేడా ఎక్కడుంది?

తార్నాక_మాష్టారు
నిఘంటువు తప్పు చెప్పలేదు. చిక్కంతా మన ‘ఖండించు’లో ఉంది. దాని ముందు ఏ కర్మ వస్తే ఆ అర్థం పట్టుకుంటుంది.

దాడిని, లాఠీచార్జిని, అరెస్టులను, చార్జీల పెంపును ఖండించారు అంటే ఆ పని తప్పు అన్నారని. వార్తను, వదంతిని, ఆరోపణను, ప్రచారాన్ని ఖండించారు అంటే అది అబద్ధం అన్నారని. ఇంగ్లిష్‌లో మొదటిది కండెమ్, రెండోది డినై.

మొదటి వరసలోవి ఎవరో చేసిన పనులు, రెండో వరసలోవి ఎవరో అన్న మాటలు. నివేదిక, ప్రకటన, వ్యాఖ్య, తీర్పు మాత్రం రెంటి మధ్యా పడతాయి. అవి మాటలే, కానీ వాటివల్ల పనులు జరుగుతాయి. పాఠకుడు తడబడేది సరిగ్గా అక్కడే.

ఈ రెండో అర్థం నిన్నమొన్న పుట్టింది కాదు. తర్కశాస్త్రంలో ఖండన, మండన అని జంట ఉంది. ఎదుటివాడి వాదం నిలవదని చూపడం ఖండన, తన వాదాన్ని నిలబెట్టుకోవడం మండన. పత్రికకు వచ్చే ‘ఖండన’ లేఖ కూడా ఆ వంశమే: మీరు వేసింది నిజం కాదు, మా వివరణ వేయండి అని.

డినౌన్స్‌లో ‘అబద్ధం’ అన్న అర్థం లేదు. డినౌన్స్ చేసినవాడు అబద్ధమని అనొచ్చు, నిజమే గానీ దుర్మార్గమని అనొచ్చు. ఆ క్రియ చెప్పేది ఒక్కటే, నలుగురి ముందూ గట్టిగా ‘ఇది చెడ్డది’ అని ప్రకటించాడని.

రాత్రి_పదకొండు
పేజీ వదిలే టైముకి ఇంత ఆలోచన కుదరదు మాష్టారూ. కింద వార్త ఉంటుంది కదా, సందర్భాన్ని బట్టి పాఠకుడే తెలుసుకుంటాడు. ఖండించారు అందరికీ తెలిసిన మాట, పొట్టి మాట.

ఎడిషన్_డెస్క్
@రాత్రి_పదకొండు శీర్షిక మాత్రమే చదివి పేజీ తిప్పేవాళ్లే ఎక్కువ. ఇంకా ప్రమాదకరమైన కేసు చూడండి: "ద మినిస్టర్ డినౌన్స్‌డ్ ది అలిగేషన్స్ యాజ్ పొలిటికల్లీ మోటివేటెడ్". ఇందులో మంత్రి ఆరోపణలు అబద్ధమని అనలేదు. రాజకీయ దురుద్దేశంతో చేశారన్నారు, అంతే. "ఆరోపణలను ఖండించిన మంత్రి" అని మనం రాస్తే ఆయన అనని మాట ఆయన నోట పెట్టినట్టే.

నాంపల్లి_వకీలు
చాలా ముఖ్యమైన పాయింటు ఇది. రాజకీయ నాయకులు, కంపెనీల ప్రతినిధులు తెలిసే అలా మాట్లాడతారు. నేరుగా డినై చేస్తే రేపు ఆధారం బయటపడినప్పుడు ఆ మాటకు కట్టుబడాలి. ‘కుట్ర’ అంటే కట్టుబడేదేం లేదు. ఇంగ్లిష్ విలేకరి ఆ తేడా చూసి డినౌన్స్ రాస్తాడు, మనం ఖండించారు అని దాన్ని చెరిపేస్తాం. "ఆరోపణల వెనుక రాజకీయ దురుద్దేశం: మంత్రి" అంటే సరిపోతుంది, క్రియే అక్కర్లేదు.

రాత్రి_పదకొండు
సరే, ఆరోపణల వరకు ఒప్పుకుంటా. దాడులకు, హత్యలకు ఖండించారు ఉంచొచ్చుగా?

తార్నాక_మాష్టారు
నిక్షేపంగా. కర్మ పని అయితే ‘ఖండించారు’కి మించిన మాట లేదు. ‘తీవ్రంగా’ చేర్చాలా వద్దా అన్నది మాట్లాడినవాడి మాటలు చూసి.

బర్కత్‌పురా_బస్టాప్
మరి మనిషినైతే? "ఎమ్మెల్యేను ఖండించిన్రు" అని రాస్తే పోలీసులొస్తరు 😄

తార్నాక_మాష్టారు
అదే మూడో సంగతి. డినౌన్స్‌కి మనిషి కర్మగా రావచ్చు, ప్రభుత్వం రావచ్చు, సిద్ధాంతం రావచ్చు. ఖండించుకి మనిషి కుదరడు. అప్పుడు దుయ్యబట్టారు, ధ్వజమెత్తారు, విరుచుకుపడ్డారు, మండిపడ్డారు, తూర్పారబట్టారు వీటిల్లోంచి ఏరుకోవాలి. ఏరుకునేటప్పుడు విభక్తి చూసుకోవాలి, తప్పులన్నీ అక్కడే దొర్లుతున్నాయి.

‘ను’ తీసుకునేవి: దుయ్యబట్టారు, తూర్పారబట్టారు, నిలదీశారు, ఏకిపారేశారు. ప్రభుత్వాన్ని దుయ్యబట్టారు.
‘పై’ లేదా ‘మీద’ తీసుకునేవి: ధ్వజమెత్తారు, మండిపడ్డారు, విరుచుకుపడ్డారు, నిప్పులు చెరిగారు. ప్రభుత్వంపై ధ్వజమెత్తారు.

"ప్రభుత్వాన్ని ధ్వజమెత్తారు" అని రోజూ కనిపిస్తోంది. ఎత్తేది ధ్వజాన్ని, ప్రభుత్వాన్ని కాదు. ఒక క్రియ తీసేసి ఇంకోటి పెట్టినప్పుడు వెనకున్న విభక్తిని వదిలేయడం వల్ల వచ్చే తప్పు ఇది.

ఎండగట్టారు ఇంకో రకం. దానికి మనిషికన్నా మనిషి చేసిన తప్పు కర్మగా రావాలి: అక్రమాలను ఎండగట్టారు, ద్వంద్వ వైఖరిని ఎండగట్టారు. ఇంగ్లిష్‌లో ఎక్స్‌పోజ్‌కి దగ్గర. దాచి ఉంచిందేదో బయటపెట్టినప్పుడే అది అతుకుతుంది.

బర్కత్‌పురా_బస్టాప్
మనకాడ మాటల్ల అయితే ‘కడిగిపారేసిండు’, ‘ఉతికి ఆరేసిండు’. ఇవి పేపర్ల రాయొద్దా?

ఎడిషన్_డెస్క్
వ్యాసంలో, కాలమ్‌లో ఇంపుగా ఉంటాయి. వార్తలో మాత్రం ఆ మాట వాడామంటే మాట్లాడినవాడు నెగ్గాడని మనమే తీర్పు చెప్పినట్టు. ‘ఏకిపారేశారు’ కూడా అంతే, నన్నడిగితే వార్త శీర్షికలోకి అదీ రాకూడదు.

కోఠి_పాతపుస్తకం
నాది వేరే అభిప్రాయం. మనిషి అయితే, ప్రభుత్వం అయితే కళ్లు మూసుకుని ‘దుయ్యబట్టారు’ వేసేయొచ్చు. ఇన్ని క్రియల మధ్య సన్నని తేడాలు పాఠకుడు పట్టించుకోడు.

అనువాద_చింత
@కోఠి_పాతపుస్తకం ఒప్పుకోను. ఇంగ్లిష్ కాపీలో మూడు స్థాయిలుంటాయి. క్రిటిసైజ్ అంటే విమర్శించారు, అంతకు మించి ఏమీ కాదు. స్లామ్, బ్లాస్ట్, ఫ్లే ఇవి శీర్షికల క్రియలు. పొట్టివి కాబట్టి కాలమ్‌లో ఇమడతాయి, అందుకే వాడతారు. లోపల వార్త చదివితే మామూలు విమర్శే ఉండొచ్చు. స్లామ్ చూడగానే నిప్పులు చెరిగారు అని రాయకూడదు, కోట్‌లో ఉన్న మాట చూసి బరువు తూచాలి. డినౌన్స్ అలా కాదు, శీర్షికలోనైనా లోపలైనా బరువు తగ్గదు. ఆ క్రియలోనే తప్పు పట్టేది నీతి దృష్టితో అన్న సంగతి ఉంది. బడ్జెట్‌లో అంకెలు సరిపోలేదంటే క్రిటిసైజ్. ఆ బడ్జెట్ పేదలకు చేసిన ద్రోహం అంటే డినౌన్స్.

‘దుయ్యబట్టారు’ ఆ రెండోదానికే. అంకెల విమర్శకు కూడా అదే వేస్తూ పోతే నిజంగా ద్రోహం అన్నరోజున వేయడానికి మాట మిగలదు.

కోఠి_పాతపుస్తకం
నీతి దృష్టి అన్న పాయింటు బాగుంది. కానీ అంకెల విమర్శకు ‘తప్పుబట్టారు’ ఉంది కదా, దాన్నెవరూ వాడరేం?

అనువాద_చింత
వాడాలి. చక్కటి మాట అది, వట్టిపోయింది. ‘ఆక్షేపించారు’ కూడా.

ఎడిషన్_డెస్క్
అయితే మొదట అడిగిన వాక్యానికి: "నివేదికపై ధ్వజమెత్తిన యూనియన్ నేతలు". సింగిల్ కాలమ్‌లో "నివేదికపై యూనియన్ల ధ్వజం". ఇంట్రోలో, అంటే వార్త మొదటి పేరాలో, ఏమన్నారో అది రావాలి: కార్మికుల పొట్టకొట్టే సిఫార్సులంటూ. అభ్యంతరం ఉందా ఎవరికైనా?

తార్నాక_మాష్టారు
లేదు. నేతలు ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారు, సంఘం తరఫున మాట్లాడుతున్నారు, ధ్వజం చక్కగా నప్పింది.

అశోక్‌నగర్_రూమ్‌4
పరీక్షల కోసం అడుగుతున్నా. డినౌన్స్ తర్వాత ఏ ప్రిపొజిషన్ వస్తుంది? ‘అగైనెస్ట్’ పెడితే తప్పా?

తార్నాక_మాష్టారు
తప్పే. డినౌన్స్ నేరుగా కర్మ తీసుకుంటుంది, మధ్యలో అగైనెస్ట్, ఆన్, అబౌట్ ఏవీ రావు. మనకి ‘మీద’ అలవాటు కాబట్టి అగైనెస్ట్ దూరిపోతుంది. కర్మ తర్వాత మూడు రావచ్చు:

‘యాజ్’ వస్తే ఏమని పిలిచారో చెబుతుంది. డినౌన్స్‌డ్ హిమ్ యాజ్ ఎ ట్రెయిటర్, ద్రోహి అని దుయ్యబట్టారు.
‘ఫర్’ వస్తే ఎందుకో. ఫర్ తర్వాత నామవాచకమో, ఐఎన్‌జీ రూపమో ఉండాలి. డినౌన్స్‌డ్ ద గవర్నమెంట్ ఫర్ కటింగ్ పెన్షన్స్.
‘టు’ వస్తే అర్థమే మారిపోతుంది. డినౌన్స్‌డ్ హిమ్ టు ద పోలీస్. అది విమర్శ కాదు, పోలీసులకు చెప్పేశాడని.

‘డినౌన్స్ దట్’ అని వాక్యం నడవదు. నామవాచకం రాసేటప్పుడు ఇంకో ఉచ్చు ఉంది: డినౌన్స్‌లో ఉన్న ‘ఓ’ డినన్సియేషన్‌లో ఎగిరిపోతుంది, పలకడం కూడా ‘నౌ’ కాదు ‘నన్’. ప్రొనౌన్స్, ప్రొనన్సియేషన్ లాగే. రినౌన్స్, రినన్సియేషన్ కూడా అంతే. అనౌన్స్ ఒక్కటే దారి మళ్లి అనౌన్స్‌మెంట్ అయింది.

అశోక్‌నగర్_రూమ్‌4
రినౌన్స్, డినౌన్స్ ఆప్షన్లలో పక్కపక్కనే ఇస్తారు. గుర్తుపెట్టుకునే దారి చెప్పండి సార్.

అనువాద_చింత
నాలుగింటికీ మూలం ఒకటే, ‘తెలియజేయు’ అనే లాటిన్ క్రియ. డినౌన్స్ ఎదుటివాడి తప్పు గురించి తెలియజేయడం, రినౌన్స్ నా సొంతది వదులుకుంటున్నానని తెలియజేయడం. ఒకే సంఘటనలో రెండూ చూడొచ్చు: 1919లో జలియన్‌వాలాబాగ్ కాల్పుల తర్వాత రవీంద్రనాథ్ టాగోర్ వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌కు లేఖ రాశారు. పంజాబ్‌లో ప్రభుత్వం చేసిందాన్ని డినౌన్స్ చేశారు, తన నైట్‌హుడ్ బిరుదును రినౌన్స్ చేశారు. కాల్పులు వాళ్లవి, బిరుదు ఆయనది.

అశోక్‌నగర్_రూమ్‌4
ఇంక మర్చిపోను 🙏

నాంపల్లి_వకీలు
మాష్టారు చెప్పిన ‘టు ద పోలీస్’ అర్థానికి తెలుగు ఏంటి? ‘ఫిర్యాదు చేశాడు’ అంటే చప్పగా ఉంది.

అనువాద_చింత
చప్పగానే కాదు, తప్పుగా కూడా ఉంటుంది. ఫిర్యాదు బాధితుడు చేస్తాడు. ఈ అర్థంలో డినౌన్స్ చేసేవాడు పొరుగువాడో, తోటి ఉద్యోగో, బంధువో. హిట్లర్ కాలపు జర్మనీ, స్టాలిన్ కాలపు సోవియట్ గురించి చదివితే ఈ మాట అడుగడుగునా వస్తుంది. వెనిస్‌లో డోజ్ (ఆ నగర పాలకుడు) భవనం గోడల్లో సింహం నోరు ఆకారంలో చీటీలు వేసే రంధ్రాలు ఇప్పటికీ ఉన్నాయి, రహస్య డినన్సియేషన్ల కోసం పెట్టినవి. చెప్పింది గుట్టుగా అయితే ‘ఉప్పందించాడు’ సరిగ్గా కుదురుతుంది. అరెస్టు కూడా జరిగితే ‘పట్టించాడు’.

దీనికి తోక ఒకటుంది. స్పానిష్, ఇటాలియన్ భాషల్లో ఇదే మూలం నుంచి వచ్చిన మాటకు ఈరోజుకీ మామూలు అర్థం పోలీసు ఫిర్యాదు. అందుకని లాటిన్ అమెరికా నుంచి వచ్చే ఇంగ్లిష్ కాపీల్లో "రెసిడెంట్స్ డినౌన్స్‌డ్ దట్..." అని కనిపిస్తే అక్కడ ధ్వజం లేదు, మండిపడటం లేదు. ‘ఫిర్యాదు చేశారు’ లేదా ‘ఆరోపించారు’ అని తీసుకోవాలి. ‘దట్’ వచ్చిందంటే అనువాదం వాసన అని పసిగట్టండి.

రాత్రి_పదకొండు
ఇది పనికొచ్చే గుర్తు. అంతర్జాతీయ పేజీకి అలాంటివి వస్తూనే ఉంటాయి.

కోఠి_పాతపుస్తకం
ఒప్పందాల వార్తల్లో కూడా డినౌన్స్ చూశాను. "డినౌన్స్‌డ్ ద ట్రీటీ" అంటే ఒప్పందాన్ని దుయ్యబట్టిందనా?

అనువాద_చింత
కాదు. అక్కడ ఆ మాటకు తిట్టుతో సంబంధమే లేదు. ఒప్పందం నుంచి తప్పుకుంటున్నామని లాంఛనంగా నోటీసు ఇవ్వడం. దేశాల మధ్య ఒప్పందాలకు నియమాలు పెట్టిన 1969 నాటి వియన్నా ఒడంబడికలో 56వ అధికరణం దీని గురించే: తప్పుకోవడం ఎలాగో ఒప్పందంలోనే రాసి లేకపోతే, తప్పుకునే హక్కు ఉన్నచోట కనీసం 12 నెలల ముందు తెలియజేయాలి.

తేడా ఎంత ఉంటుందో చూడండి. సోవియట్, జపాన్‌ల తటస్థతా ఒప్పందం మీద 1941 ఏప్రిల్ 13న సంతకాలయ్యాయి. గడువు ఐదేళ్లు. గడువుకు ఏడాది ముందు ఎవరూ డినౌన్స్ చేయకపోతే ఇంకో ఐదేళ్లు దానంతటదే సాగుతుంది. 1945 ఏప్రిల్ 5న సోవియట్ డినౌన్స్ చేసింది. దీన్ని "ఒప్పందాన్ని ఖండించిన సోవియట్" అని రాస్తే అసలు సంగతే పోతుంది. "ఒప్పందాన్ని పొడిగించబోమని నోటీసు ఇచ్చిన సోవియట్" అనాలి. ఆ ఆగస్టులో జపాన్ మీద యుద్ధం ప్రకటించింది కాబట్టి ఆ నోటీసు చిన్న విషయం కాదు.

బర్కత్‌పురా_బస్టాప్
ఒక్క మాటకు ఇన్ని ముఖాలా!

చిక్కడపల్లి_చదువరి
ఇంతకీ సెన్షర్ సంగతి? అదీ విమర్శే కదా, పరీక్షల్లో డినౌన్స్‌తో కలిపి ఇస్తారు.

నాంపల్లి_వకీలు
సెన్షర్ అధికారికం. డినౌన్స్ ఎవరైనా చేయొచ్చు, ఇందిరాపార్కు దగ్గర ధర్నాచౌక్‌లో మైకు పట్టుకున్నవాళ్లు కూడా. సెన్షర్ చేయడానికి ఒక సభో, అధికారో ఉండాలి, అది రికార్డులోకి ఎక్కాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే 1991 నాటి సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నిబంధనల్లో చిన్న శిక్షల వరస సెన్షర్‌తోనే మొదలవుతుంది. తిట్టు కాదది, సర్వీసు రికార్డులో పడే శిక్ష.

తెలుగులో వచ్చే పెద్ద గందరగోళం ‘అభిశంసన’తో. సెన్షర్ మోషన్‌కీ అభిశంసనే రాస్తున్నాం, ఇంపీచ్‌మెంట్‌కీ అభిశంసనే రాస్తున్నాం. రెంటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం. లోక్‌సభలో సెన్షర్ తీర్మానం ఒక్క మంత్రి మీదైనా పెట్టొచ్చు, కారణాలు రాయాలి, నెగ్గినా రాజీనామా తప్పనిసరి కాదు. అవిశ్వాస తీర్మానం మొత్తం మంత్రివర్గం మీద, కారణాలు చెప్పక్కర్లేదు, చర్చకు రావాలంటే 50 మంది సభ్యులు లేచి నిలబడాలి, నెగ్గితే ప్రభుత్వం దిగాలి. ఇంపీచ్‌మెంట్ అంటే రాజ్యాంగం 61వ అధికరణం కింద రాష్ట్రపతిని తొలగించే ప్రక్రియ. 14 రోజుల నోటీసు, సభలో నాలుగోవంతు సభ్యుల సంతకాలు, మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి.

నా సూచన: ఇంపీచ్‌మెంట్‌కి అభిశంసన స్థిరపడిపోయింది, ఉండనీయండి. సెన్షర్‌కి సభ అయితే ‘మందలింపు తీర్మానం’, ఉద్యోగి అయితే ‘మందలింపు శిక్ష’.

తార్నాక_మాష్టారు
‘మందలింపు’ సభకు తేలికైపోదా? అమెరికా సెనేట్ 1954 డిసెంబర్ 2న తన సభ్యుడు మెకార్తీ మీద 67–22 ఓట్లతో చేసిన తీర్మానాన్ని చరిత్ర పుస్తకాలన్నీ సెన్షర్ అనే అంటాయి. దాంతో ఆయన ప్రాబల్యం పోయింది. దానికి మందలింపు అంటే ఆనదు.

నాంపల్లి_వకీలు
ఆ తీర్మానం పాఠంలో ఉన్న మాట కండెమ్ మాష్టారూ. కాబట్టి అక్కడ ‘గర్హిస్తూ తీర్మానం’ అనొచ్చు. మన సభలకు కూడా ‘గర్హణ తీర్మానం’ అంటే నాకు అభ్యంతరం లేదు, అలవాటు పడాలి అంతే.

రాత్రి_పదకొండు
గర్హణ అంటే పాఠకుడు పారిపోతాడు.

తార్నాక_మాష్టారు
పారిపోడు. ‘అభిశంసన’ మాత్రం పుట్టుకతో వచ్చిందా? పేపర్లే నేర్పాయి.

ఎడిషన్_డెస్క్
కోర్టు వార్తల సంగతి కూడా తేల్చండి. "హైకోర్టు మొట్టికాయలు", "ప్రభుత్వానికి అక్షింతలు" అని శీర్షికలు.

నాంపల్లి_వకీలు
కోర్టుకు డినౌన్స్ వాడరు. ఇంగ్లిష్ కాపీల్లో పుల్స్ అప్, ర్యాప్స్ అని ఉంటుంది, ఆర్డర్‌లో అయితే డెప్రికేట్, స్ట్రిక్చర్స్. చూడాల్సింది ఒక్కటే: ఆ మాట విచారణలో నోటితో అన్నదా, ఉత్తర్వులో రాసిందా? నోటితో అన్నదానికి చట్టపరంగా బలం లేదు, ‘ప్రశ్నించింది’, ‘అసహనం వ్యక్తం చేసింది’ చాలు. ఉత్తర్వులో రాసిన వ్యాఖ్య ఒక అధికారి ఉద్యోగాన్ని దెబ్బతీయగలదు, దాన్ని తీయించడానికి పైకోర్టుకు వెళ్లాలి. ఆ రెండోదానికే ‘తప్పుబట్టింది’, ‘ఆక్షేపించింది’ దాచుకోండి. మొట్టికాయ పిల్లవాడి నెత్తిన పడేది, న్యాయస్థానం చేసే పనికి ఆ మాట చిన్నది.

బర్కత్‌పురా_బస్టాప్
మొట్టికాయ తీసేస్తే సగం పేపర్ ఖాళీ అయితది వకీల్‌సాబ్.

ఎడిషన్_డెస్క్
ఒక హెచ్చరిక కూడా చేర్చాలి. డినౌన్స్‌డ్ యాజ్ అని వచ్చిన బిరుదులను, దొంగ, ద్రోహి, దళారి లాంటివాటిని, మన మాటగా రాయకూడదు. ‘దళారి ఎమ్మెల్యేపై ధ్వజం’ అంటే అది పత్రిక మాట అయిపోతుంది. ‘దళారి అంటూ ఎమ్మెల్యేపై ధ్వజం’ అంటే అన్నవాడి మాట. ఆ ఒక్క ‘అంటూ’ చాలా బరువు మోస్తుంది.

నాంపల్లి_వకీలు
‘అంటూ’ పెట్టినా పూర్తిగా బయటపడ్డట్టు కాదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఇంకొకరి ఆరోపణను ప్రచురించడం కూడా పరువునష్టం కిందకి వస్తుంది. అన్నవాడి పేరు, అన్న సందర్భం, రెండో పక్షం స్పందన మూడూ ఉండాలి.

అనువాద_చింత
ఐక్యరాజ్యసమితి వార్తలు రాసేవాళ్లకి చివరగా ఒకటి. అక్కడ డినౌన్స్ అరుదు, కండెమ్, డెప్లోర్ ఎక్కువ. ఈ రెంటి మధ్య తేడా కోసం దౌత్యవేత్తలు రాత్రంతా కూర్చుంటారు, కండెమ్ గట్టిది, డెప్లోర్ ఒక మెట్టు కింద. 2022 మార్చి 2న ఉక్రెయిన్ మీద సర్వప్రతినిధి సభ చేసిన తీర్మానంలో రష్యా దురాక్రమణకు వాడిన మాట డెప్లోర్. దానికి ‘ఖండిస్తూ’ అని రాస్తే వాళ్లు తూచి పెట్టిన మాటను మనం పెంచేసినట్టు. ‘తీవ్రంగా ఆక్షేపిస్తూ’ సరిపోతుంది.

రాత్రి_పదకొండు
ఆ ఓటింగ్‌లో భారత్ గైర్హాజరైంది కదా?

అనువాద_చింత
అదీ సరిచేసుకోవాల్సిందే. అనుకూలంగా 141, వ్యతిరేకంగా 5, అబ్‌స్టైన్ చేసినవి 35, అందులో భారత్ ఒకటి. అబ్‌స్టైన్ అంటే సభలో కూర్చుని ఎటూ ఓటేయకపోవడం. గైర్హాజరు అంటే అసలు రాకపోవడం. మన ప్రతినిధి అక్కడే ఉన్నారు, ఎందుకు ఓటేయలేదో వివరించారు కూడా. ‘ఓటింగ్‌కు దూరంగా ఉన్న భారత్’ అని రాయండి.